ఉమ్మవద్దని రాసిన చీటీ

ఆనందకుమారి ఇంతవరకు విమానం ఎక్కలేదు. చెన్నై దాటి అవతలికి పోయింది కూడా లేదు. కానీ జార్జియా దేశంలో తెలవి అనే ఊరి బస్టాండు దగ్గర నీడ ఎక్కడుంటుందో, ఆడవాళ్ళు పోదగ్గ మరుగుదొడ్డి ఎక్కడుందో అడగండి, కళ్ళు మూసుకుని చెబుతుంది. మైపాడులో మా పక్కిల్లే వాళ్ళది. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ, స్టూలు మీద ల్యాప్‌టాప్, కరెంటు పోతే మా ఇన్వర్టరు నుంచి లాగిన వైరు. ఆ వైరు కాలికి తగిలి నేను రెండుసార్లు పడ్డాను. కాబట్టి ఆమె ఉద్యోగం గురించి చెప్పే హక్కు నాకు ఉందనే అనుకుంటున్నాను.

నలభై దాటాయి ఆమెకు. పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, “మా నాయన్ని చూసినాను గదక్కా, చాలు” అంటుంది. బెంగళూరులో ఏదో టూర్ల కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది. కారు నడపడం రాని వాళ్ళు, పోయే దేశం భాష ముక్క తెలియని వాళ్ళు, అయినా గుంపులో కాకుండా ఇద్దరే తిరగాలనుకునే వాళ్ళు, అంటే మిగతా ఉద్యోగులు మొహం చిట్లించుకునే జనమంతా ఈమె వాటాకి వస్తారు.

ఆమెది మైపాడు పద్ధతి. ఇక్కడి నుంచి నెల్లూరు పోయే మనిషి మొదట కనుక్కునేది తిరిగొచ్చే చివరి బస్సు ఎన్నింటికని. ఆమె ప్లాను కూడా చివరి బస్సు దగ్గర మొదలై వెనక్కి నడుస్తుంది. తోట నుంచి రోడ్డుకి ఎంత దూరం, మోకాళ్ళ నొప్పులున్న మనిషి ఆ దూరం ఎంతసేపట్లో నడుస్తుంది, బస్సు తప్పితే కూర్చోవడానికి ఎదురుగా కొట్టు ఏదైనా ఉందా, అన్నీ మ్యాపులో వెతికి పట్టుకుంటుంది. అక్కడ మన షేర్ ఆటోల్లాంటి చిన్న వ్యాన్లు తిరుగుతాయట. చెయ్యెత్తితే ఆపుతాయి, నిండితేగానీ కదలవు. “మన ఆటోల కన్నా నయం అక్కా, డ్రైవరుకి స్టీరింగు తిప్పుకునే చోటన్నా ఉంటాది” అని నవ్వేది.

భాష రానివాళ్ళ కోసం చీటీలు తయారుచేసేది. పోస్టుకార్డులో సగం ఉంటుంది ఒక్కొక్కటి. ఒక పక్క, ఎప్పుడు చూపించాలో తెలుగులో. రెండో పక్క, అసలు మాట ఆ దేశపు లిపిలో. ‘మమ్మల్ని ఫలానా తోట దగ్గర దించండి.’ ‘మేము గొడ్డుమాంసం తినము.’ ‘నా భర్తకు షుగరు ఉంది, సాయం చేయండి.’ ఆ చీటీలు పట్టుకుని పోయినవాళ్ళు ఎవరూ ఇంతవరకు దారి తప్పలేదు. అది ఆమెకు గర్వం.

ఫలానా తోట అన్నాను కదా, అది వైన్ తయారుచేసే తోట. ఆ మాట మాత్రం ఆ ఇంట్లో ఎన్నడూ పలకలేదు.

ఎందుకంటే ఆ ఇంట్లో వాళ్ళమ్మ పేరమ్మ ఉంది. సారా ఉద్యమం రోజుల్లో, సరుగుడు తోపుల్లో ఇసుకలో పాతిన నాటుసారా కుండల్ని గడ్డపారతో తవ్వి తీసి పగలగొట్టిన ఆడవాళ్ళలో ఆమెది ముందు వరస. భర్త ముత్యాలయ్య పేరుమోసిన తాగుబోతు. ఆయన పోయి పాతికేళ్ళయినా ఆమె కోపం పోలేదు. చర్చిలో నెలనెలా మొదటి ఆదివారం జరిగే ప్రభువు బల్లలో అందరూ చిన్న కప్పులతో తీసుకునే ద్రాక్షరసం తీసేది ఆమే. శనివారం సాయంత్రం నల్లద్రాక్ష కడిగి, ఉడకబెట్టి, పలచటి గుడ్డలో పిండి సీసాలో పోస్తుంది. ఒకసారి మిగిలిన రసం పులిసిందని సీసాతో సహా తీసుకుపోయి సముద్రంలో వేసి వచ్చింది.

స్త్రీల కూడికలో సాక్ష్యం చెప్పడానికి లేస్తే పేరమ్మ చెప్పేవి మూడే సంగతులు. కుండలు పగలగొట్టడం. సారా నిలిచిపోయిన తరువాత కూడా బుద్ధి రాని మొగుడు బస్టాపు దగ్గర పడిపోతే, ఊరంతా చూస్తుండగా అతన్ని ఎండలో వదిలేసి తల ఎత్తుకుని ఇంటికి నడిచి రావడం. ఇక మూడోది కూతురు. “నా బిడ్డ మనుషుల్ని పరిశుద్ధ స్థలాలకి నడిపిస్తా ఉండాది” అని ముగించి కూర్చునేది.

మొదట్లో అది నిజమే. యెరూషలేము యాత్రలు చూసేది ఆనందకుమారి. యుద్ధం వచ్చి అవి ఆగిపోతే కంపెనీ ఆమెను వైన్ తోటల వైపు తిప్పింది. ఏ దేశమే అని తల్లి అడిగితే, “పాత గుళ్ళు, మఠాలు ఉండే దేశమమ్మా” అనేది. అబద్ధమేం కాదు, అక్కడ కొండకో మఠం ఉందట. సగం నిజం చెప్పడం అబద్ధం కన్నా పెద్ద పాపమే అని నేనంటే, “నువ్వు ఉద్యోగం ఇప్పిస్తావా అక్కా?” అంది.

పోయినేడు పెంచలకృష్ణగారు తగిలారు. మనుబోలు మనిషి. ఉద్యానశాఖలో చేసి రిటైరయ్యారు. నిమ్మతోటలకు ఏ మందు ఎప్పుడు కొట్టాలో రైతులకు చెప్పడంలోనే ఆయన ఉద్యోగమంతా గడిచింది. జార్జియాలో గుడ్డు ఆకారంలో నిలువెత్తు మట్టికుండలు నేలలో పాతిపెట్టి ద్రాక్షరసం మాగబెడతారని ఎక్కడో చదివి, చచ్చేలోపు ఒక్కసారి చూడాలనుకున్నారు. “నాకు తాగుడు అలవాటు లేదమ్మా. షుగరు కూడా ఉంది. రుచి చూస్తానంతే. నాకు కావాల్సింది కుండ” అన్నారు ఫోన్లో. భార్య ఆదిశేషమ్మకు తెలుగు తప్ప ఇంకో భాష రాదు. అయినా మొగుణ్ణి ఒంటరిగా పంపేది లేదని ఆమె కూడా బయల్దేరింది.

నేలలో పాతిన కుండలన్న మాట వినగానే ఆనందకుమారి తల్లి ఉన్న గది వైపు చూసింది. ఆమె ఎరిగిన పాతిన కుండలు అమ్మ పగలగొట్టినవే. అందుకేనేమో ఆ ప్లాను మీద మిగతావాటి కన్నా ఎక్కువ కూర్చుంది. ఒక్క రోజులో మూడు తోటలు, మూడూ ఒకే రోడ్డు మీద. చివరి వ్యాను సాయంత్రం అయిదింటికి.

తోటలవాళ్ళు పెట్టిన వీడియోలన్నీ చూసింది. బల్ల మీద గ్లాసులు, పక్కన ఒక మట్టి ముంత. ఒక వీడియోలో ఎవరో తెల్లాయన వైన్ నోట్లో పోసుకుని పుక్కిలించి ఆ ముంతలో ఉమ్మాడు. ఆమెకు ఒళ్ళు మండింది. ఇంటాయన ఎదురుగా నిలబడి చేత్తో పోసి ఇస్తే ఉమ్ముతాడా? ఆ ముంత గ్లాసులు కడిగిన నీళ్ళ కోసమని ఆమె అనుకుంది. ఆమెను అని ఏం లాభం! మొదటిసారి బల్ల తీసుకున్న రోజు పొలమారి, నోట్లోది గౌను మీద ఉమ్మేసింది. పేరమ్మ ఆరాధన అయ్యేదాకా మోకాళ్ళ మీద నిలబెట్టింది. కప్పులో చుక్క మిగల్చకూడదు, నోట్లోది ఉమ్మకూడదు. మా చర్చిలో బుద్ధి తెలిసిన ప్రతి బిడ్డకూ తెలుసు. ద్రాక్షరసం దగ్గర ఎట్లా నడుచుకోవాలో ఆమె నేర్చుకున్నది అంతే.

తోటలో చూపించే చీటీకి తెలుగు వైపు చివర ఒక ముక్క చేర్చింది. ‘పోసినది మిగల్చవద్దు. ఉమ్మవద్దు. ఇచ్చినవారికి అవమానం.’ మంచి ముక్క రాశానని నాకు చదివి కూడా వినిపించింది. నేనూ బాగుందన్నాను.

అక్టోబరు మొదటి శనివారం. పేరమ్మ ద్రాక్ష పిండుతోంది. రాత్రి ఏడు కాబోతుండగా, అక్కడ అయిదు దాటాక, వీడియో కాల్ వచ్చింది. తెరమీద ఆదిశేషమ్మ. వెనక సిమెంటు బెంచీ మీద పెంచలకృష్ణగారి బూట్లు కనిపిస్తున్నాయి.

“అమ్మాయ్, ఈయన లెయ్యడంలే.”

“షుగరు తగ్గిందా అమ్మా?”

“అది కాదు...” అక్కడ తెలుగు తెలిసినవాళ్ళెవరో ఉన్నట్టు ఆమె అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “తాగినాడమ్మాయ్. మూడు తోటల్లోనూ ఎంత పోస్తే అంత తాగినాడు. ముప్పై ఆరేళ్ళ కాపరంలో ఈ మొగం నేను చూళ్ళేదు. యానోడు ఎక్కించుకోనని చెయ్యూపి పోయినాడు.”

ఆనందకుమారి ఆ బూట్లనే చూస్తోంది. పేరమ్మ లోపలి నుంచి వచ్చింది. చేతులు మోచేతుల దాకా ఊదారంగు. ఎవరు, ఏ ఊరు, ఏమీ అడగలేదు. ఫోను లాక్కుంది.

“నోరు వాసన చూసినావా?”

“చూసినానక్కా. అదే.”

“ఎల్లకిలా పడుకోబెట్టబాకు. పక్కకి తిప్పు. కక్కితే గొంతుకి అడ్డం పడతాది. మెడకాడ గుండీ తియ్. నీళ్ళు పొయ్యబాకు, మింగలేడు. నువ్వు ఏడవబాకు, చూసేవాళ్ళు చూస్తారు, చూడనీ.”

“షుగరు మనిషక్కా...”

అప్పుడు కదిలింది ఆనందకుమారి. “అమ్మా, మీ సంచిలో షుగరు చీటీ ఉంది, తియ్యండి. రోడ్డుకి ఆ పక్క ఎర్ర రేకుల పళ్ళకొట్టు ఉంటది. అక్కడ ఒక పెద్దామె కూర్చోనుంటది. పోయి చూపించండి.”

ఉంది. ఎర్ర రేకులూ ఉన్నాయి, పెద్దామె కూడా ఉంది. ఆమె చీటీ చదివి ఎవరికో ఫోన్ చేసింది. చివరి తోట యజమానురాలు కారు వేసుకుని వచ్చి ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకుపోయింది. గంటన్నరకి ఆదిశేషమ్మ మళ్ళీ ఫోన్ చేసి, గండం గడిచిందని, సూది వేశారని చెప్పింది.

పేరమ్మ చేతులు కడుక్కుంది. ఆ రంగు పోదు. “అది పరిశుద్ధ స్థలమా?” అని ఒక్కటే అడిగింది. కూతురు తల దించుకుంది. “తాగుబోతుల్ని దేశాలు తిప్పతా ఉండావు. మీ నాయన ఉండుంటే నిన్ను నెత్తిన పెట్టుకునేవాడు” అని లోపలికి పోయి మిగతా ద్రాక్ష పిండింది.

మరునాడు బల్ల దగ్గర చిన్న కప్పుల పళ్ళెం వస్తే ఆనందకుమారి ముట్టుకోకుండా పక్కకి అందించింది. ఆ మధ్యాహ్నం కూడికలో పేరమ్మ సాక్ష్యానికి లేచింది. కుండల సంగతి చెప్పింది. బస్టాపు సంగతి చెప్పింది. కూర్చుంది. మూడోది ఉందేమోనని మేమంతా ఆమె వైపే చూస్తున్నాం. ఆనందకుమారి నా పక్కనే ఉంది. చాప ఈనెలు ఒక్కొక్కటే పీకుతోంది.

సిగ్గు అంతటితో అయిపోతే బాగుండేది. ఇంటికొచ్చి, తోట యజమానురాలికి క్షమాపణ రాసింది. వెంటనే జవాబు వచ్చింది. మీ మనిషి చాలా మర్యాదస్థుడు, కానీ ముంతలో ఎందుకు ఉమ్మలేదు? మేము మూడుసార్లు చూపించాం. ఆయన మీ చీటీ తీసి చూసుకుని, గుండె మీద చెయ్యి పెట్టుకుని, ప్రతిసారీ గ్లాసు ఖాళీ చేశాడు. రోజంతా తోటలు తిరిగేవాళ్ళు మింగరు, రుచి చూసి ఉమ్మేస్తారు. ఆ ముంత పెట్టేదే అందుకు.

ఆ ముక్క ఎన్నిసార్లు చదివిందో! ఎవరికీ చెప్పలేదు. నాకు కూడా చెప్పలేదు.

సోమవారం పెంచలకృష్ణగారి దగ్గర నుంచి పొడుగాటి మెసేజ్. ‘అమ్మా, పరాయి దేశంలో నీ పేరు చెడగొట్టాను. నా మీద నాకు అదుపు ఉందనుకున్నాను, లేదని తెలిసింది. మన్నించు.’ చీటీ ఊసే లేదు. ఆనందకుమారి గంటసేపు ఫోను చేతిలో పెట్టుకుని, ‘పర్వాలేదు సార్’ అని పంపింది.

పర్వాలేదట! ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ఆమె మొహం ఎర్రబడుతుంది. ఎందుకట్లా రాశావే అని తరువాత నేను నిలదీస్తే చెప్పింది: ఆయన తాగుబోతు అయినంతకాలం, అమ్మ దృష్టిలో నేను తాగుబోతులకు దారి చూపించినదాన్ని. చీటీ సంగతి బయటపడితే, తాగని మనిషికి తాగమని రాసిచ్చినదాన్ని. మొదటిది కాస్త మోయగలననిపించింది అక్కా, అంది. ఇంతకన్నా సిగ్గుమాలిన లెక్క నేనెక్కడా వినలేదు. కానీ ఆమె స్థానంలో ఉంటే నేనూ అదే వేసేదాన్నేమో.

ఇరవై మూడో రోజు ఉదయం ఆ దంపతులు మైపాడు వచ్చారు. కారు లేదు కదా, నెల్లూరులో బస్సు మారి, బస్టాపు నుంచి నడిచి వచ్చారు. ఆయన చేతిలో బుట్టెడు నిమ్మకాయలు. నేను వైరు చుట్టుకుపోదామని వెళ్ళి అక్కడే నిలబడిపోయాను. మంచి పని కాదని నాకూ తెలుసు.

ఆయన కుర్చీలో కూర్చోలేదు. పేరమ్మ ఎదురుగా నిలబడి చేతులు జోడించారు. “ఆ పొద్దు మీరు చెప్పకుంటే నేను లేనమ్మా. తాగనని చెప్పి పోయి రోడ్డు మీద పడినాను. మీ బిడ్డకి మాట తెచ్చినాను.”

పేరమ్మ మెత్తబడలేదు. “అందురూ ఇదే చెబతారు సారూ. తెల్లారి కాళ్ళు పట్టుకుంటారు, మాపటికి మళ్ళా అదే దోవ. నేను చూసినాను.”

ఆయన తల వంచుకున్నారు. చీటీలో అట్లా రాసి ఉందండీ అని ఒక్క మాట అనవచ్చు. అనలేదు. స్తంభానికి ఆనుకుని దూరంగా నిలబడిన ఆదిశేషమ్మ, “కంచంలో వడ్డించి అవతలికి పోతా ఉండానక్కా, ఆ పొద్దు నుంచీ. మాట్లాడబుద్ధి కాదు” అంది. “ఈయన కూడా బయటికి పోవడం మానేసినాడు. నిమ్మతోటలోళ్ళు పిలిచినా పోడు. నేనేం చెప్తే ఎవురు ఇంటారులే అంటాడు.”

ఆనందకుమారి లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది.

“సార్, తప్పు మీది కాదు, నాది. ఆ ముంత ఉమ్మడానికే పెడతారు. అందరూ ఉమ్మేస్తారు. నాకు తెలీక ఉమ్మవద్దని రాసినాను. మన బల్ల మాదిరి అనుకున్నాను. మీరు నేను రాసినట్టు చేసినారు, అంతే.”

పెంచలకృష్ణగారు జేబులోంచి పర్సు తీశారు. దానిలో ఆ చీటీ ఉంది, నాలుగు మడతలుగా. విప్పి చదువుకున్నారు.

“ఉమ్మచ్చా?” అన్నారు. “రెండో తోటలోనే నాకు ఉమ్మాలనిపించింది తల్లీ. నువ్వు అవమానమని రాసినావు గదా, మనవల్ల వాళ్ళకి ఎందుకని...” కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ ఉండిపోయారు.

ఆదిశేషమ్మ స్తంభం వదిలి ఆయన పక్కకి వచ్చింది. “నీకెప్పుడు తెలిసింది అమ్మాయ్ ఈ సంగతి?”

“పక్కరోజే అమ్మా.”

“పక్కరోజే,” అంది ఆమె. తిట్టలేదు. తిడితే బాగుండేదని ఆనందకుమారి ఇప్పటికీ అంటుంది. మొగుడి మోచెయ్యి పట్టుకుని, “పదండి, పదకొండు గంటల బస్సు ఉండాది” అంది. నిమ్మకాయల బుట్ట అరుగు మీదే ఉండిపోయింది. వాళ్ళు పోతుంటే ఆనందకుమారి గేటు దాకా వెళ్ళింది. ఆదిశేషమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. ఆయన మాత్రం తిరిగి, వస్తానన్నట్టు చెయ్యెత్తారు.

ఆనందకుమారి వచ్చి తల్లి ముందు కూర్చుంది. “తిట్టమ్మా,” అంది.

పేరమ్మ బుట్టలోంచి ఒక నిమ్మకాయ తీసి చేతిలో పెట్టుకుంది. ఆమె గోళ్ళ అంచుల్లో ద్రాక్ష రంగు ఇంకా కొంచెం ఉంది.

“మీ నాయన బస్టాపు కాడ పడిపోయినాడు చూడు, సారా నిలిచిపోయిన ఏడు, ఎండల్లో.”

“తెలుసు గదమ్మా. ప్రతి కూడికలో చెబతావు.”

“అంతా చెప్పలా.” నిమ్మకాయను అటూ ఇటూ తిప్పింది. “తాగలేదే పేరమ్మా, కళ్ళు తిరిగినాయి అన్నాడు. రెండు తూర్లు అన్నాడు. అందురూ చూస్తా ఉండారు, నాకు తలకాయ కొట్టేసినట్టుండింది. నీ మొగం చూడనని వచ్చేసినాను. ఎవురో మోసుకొచ్చి పడేసి పోయినారు. మానేసినోడు వారం తిరక్కుండా మళ్ళా మొదులుపెట్టినాడు. తాగకపోయినా తాగినట్టే అనుకుంటా ఉండారు గదా పేరమ్మా అన్నాడు.”

నా చేతిలో వైరు ఎక్కడిదక్కడే ఉంది.

“ఆ పొద్దు నేను ఆయన నోరు వాసన చూళ్ళేదు కుమారీ,” అంది పేరమ్మ.